రోహిణి కార్తెలో ర్యామ్ బేరం

గవర్నరుపేటలో జానకిరామ్ గారి వీడియో మిక్సింగ్ సెంటర్లో నాగలక్ష్మి ఎనిమిదేళ్ళు పనిచేసింది. పెళ్ళిళ్ళలో తీసిన క్యాసెట్లు ఫోటోగ్రాఫర్లు మోసుకొచ్చి అక్కడ పడేసేవాళ్ళు. పనికిరాని ముక్కలు కోసేసి, పాటలు అతికించి, తలంబ్రాల మీద పూలవాన కురిపించి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే మూడు గంటల బొమ్మగా చేసివ్వడం ఆమె పని. కృష్ణలంక నుంచి పొద్దున్నే వెళ్ళేది, చీకటి పడ్డాక వచ్చేది. ఆమె భర్త పేరు పెద్దబ్బాయి, కైకలూరు నుంచి కలకత్తాకు చేపల లారీ తోలేవాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది ఆమె, చేపల మార్కెట్లో గంప పెట్టుకునే అత్తగారు గంగారత్నం.

2004 ఏప్రిల్లో జానకిరామ్ గారు కొత్త మెషిన్ కొన్నారు. పెద్ద కంపెనీది, నల్లగా నిగనిగలాడే పెట్టె. హైదరాబాదు నుంచి మనిషి వచ్చి బిగించిపోయాడు. దాని ఖరీదు ఎంతో ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆ వారమే నాగలక్ష్మి జీతం సంగతి ఎత్తింది. మెషిన్ కొన్న ఏడాది జీతాలు పెంచడం కుదరదన్నారాయన. ఆమె ఊరుకుని ఉంటే అంతటితో పోయేది. కానీ ఆమెకు తెలిసిన విషయం నోట్లో ఆగలేదు. అందులో సగం డబ్బు కూడా పెట్టకుండా అంత పనీ చేసే మెషిన్ కట్టుకోవచ్చని చెప్పింది.

ఆ మాట ఆమె గాల్లోంచి పట్టుకొచ్చింది కాదు. భోజనాల వేళ పక్కవీధి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఏడాదిగా చదువుతోంది. ప్రాసెసర్ల కంపెనీలు ఒకే పోతలో వచ్చిన ముక్కల్లో కొన్నిటి మీద ఎక్కువ వేగం రాసి ఎక్కువ ధరకు, కొన్నిటి మీద తక్కువ వేగం రాసి తక్కువ ధరకు అమ్ముతాయి. తక్కువ రాసినవాటిలోనూ చాలావాటికి పరుగెత్తే సత్తా ఉంటుంది. రాసినదానికంటే ఎక్కువ వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అయితే ప్రాసెసర్ ఒక్కటే పరుగెత్తితే సరిపోదు, దాని పక్కన మెమరీ కూడా అంతే జోరుగా పరుగెత్తాలి. మెమరీ తడబడిందా, మెషిన్ ఉన్నపళంగా కొయ్యబారిపోతుంది. కాబట్టి కిటుకంతా చవకలో గట్టి మెమరీ వెతికి పట్టుకోవడంలో ఉంది.

ఇదంతా ఆమె చెబుతుంటే జానకిరామ్ గారు వింటూ వింటూ నవ్వారు. గదిలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లున్నారు. వాళ్ళ వైపు తిరిగి అన్నారు.

"కంప్యూటర్ కొనటం అంటే చేపలు బేరం చేసినట్టు అనుకుంటంది మా నాగలక్ష్మి."

వాళ్ళూ నవ్వారు. నాగలక్ష్మి చేస్తున్న పెళ్ళి వీడియో పూర్తిచేసింది. క్యాసెట్లకు పేర్లు రాసి అరలో సర్దింది. తన టిఫిన్ క్యారేజీ తీసుకుని, రేపటి నుంచి రానని చెప్పి మెట్లు దిగింది. రెండ్రోజుల్లో అదే వస్తుందని ఆయన అనుకున్నారు. ఆమె వెళ్ళలేదు.

తన మెషిన్ తనే కట్టుకుని ఇంట్లోనే మిక్సింగ్ పెట్టాలనుకుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు సులువుగానే దొరికాయి. దాచుకున్నదాంట్లో చాలామటుకు వాటికీ, పాత మానిటర్‌కీ, హార్డ్ డిస్కుకీ అయిపోయింది. ఇక మిగిలింది మెమరీ, అంటే ర్యామ్. ప్రాసెసర్ మామూలుగా మెమరీతో కలిసి నూట అరవై ఆరు మెగాహెర్ట్జ్ లెక్కన నడిచేది. దాన్ని రెండు వందలకు ఎక్కించగలిగితే జానకిరామ్ గారి నల్లపెట్టెకు ఏమాత్రం తీసిపోదు. రెండు వందల దగ్గర నిలిచే ర్యామ్ ఒక జత కావాలి.

ముందు ఏలూరు రోడ్డులో ఏసీ షోరూముకి వెళ్ళింది. అద్దాల బీరువాలో వెండిరంగు రేకు తొడుగులు వేసిన ర్యామ్ స్టిక్కులున్నాయి. ఓవర్‌క్లాకింగ్ కోసమే చేసినవట. జత ధర విన్నాక ఆమె కొన్న ప్రాసెసరూ బోర్డూ రెండూ కలిపినా అంత కాలేదని గుర్తొచ్చింది. తొడుగు కింద ఏ చిప్పులున్నాయో చూపించమంది. తొడుగు తీస్తే సరుకు వాపసు తీసుకోబోమన్నాడు కౌంటర్లో కుర్రాడు. పోనీ తన మెషిన్ తెస్తానని, ఒక మధ్యాహ్నం పెట్టి చూసి కొంటానని అడిగింది. అతను ఆమె చీరకేసి, చేతిలోని గుడ్డసంచికేసి చూశాడు.

"ఇవన్నీ మీకర్థం కావు మేడమ్. ఇంట్లో సార్‌ని తీసుకురండి, ఆయనకి చెప్తాం."

"సారు లారీ తోల్తాడు," అంది నాగలక్ష్మి. "ఆయన వస్తే నేనే చెప్పాలి."

అక్కణ్నుంచి బయటపడి నాలుగు షాపులు తిరిగింది. ఎక్కడా పెట్టి చూడనివ్వలేదు. అమ్మినది వెనక్కి తీసుకోబోమని ముందే చెప్పేవాళ్ళు కొందరు, ఓవర్‌క్లాకింగ్ మాట వినగానే వారంటీ లేదనేవాళ్ళు కొందరు. చివరికి మిట్టమధ్యాహ్నం ఒక పాత మేడమీద మాణిక్యం గారి గది దొరికింది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి, ఇప్పుడు కంప్యూటర్ విడిభాగాలు, కొత్తవీ పాతవీ కలిపి అమ్ముతున్నాడు. పైన సిమెంటు రేకులు. లోపల అడుగుపెడితే రొట్టెల బట్టీలో దూరినట్టుంది. ఆయన బనియనుతో కూర్చుని, తడిగుడ్డ మెడ మీద వేసుకుని, టంకం పెడుతున్నాడు.

నాగలక్ష్మి అడగాల్సింది అడిగింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, ఒక రేకు ట్రే ఆమె ముందుకు తోశాడు. అందులో పేరూ ఊరూ లేని ర్యామ్ స్టిక్కులు పాతిక దాకా ఉన్నాయి.

"పెట్టి చూసుకో అమ్మా. పాడుచేస్తే మటుకు డబ్బులు కట్టాలి," అన్నాడు. "ఈ గదిలోనే చూడాలి, ఇంటికి ఇవ్వను. సాయంత్రం రా, కాస్త చల్లబడుద్ది."

"వద్దు బాబాయ్ గారూ, మధ్యాహ్నమే వస్తా. పన్నెండు నించి నాలుగు దాకా. మా ఇంట్లో ఏసీ లేదు. ఇక్కడ నిలబడిందే మా ఇంట్లో నిలబడుద్ది."

మర్నాడు క్యాబినెట్ ఆటోలో వేసుకుని వచ్చింది. ఎండ నలభై అయిదు దాటిందని పేపర్లో రాశారు. రోడ్డు మీద మనుషులు లేరు. మెషిన్ బల్ల మీద పెట్టి, ట్రేలోంచి ఒక్కొక్క స్టిక్కూ తీసి వెలుగుకి పట్టి చూసింది. చిప్పుల మీద చీమతలంత అక్షరాలు. చివరి అంకె అయిదయితే రెండు వందలకు పనికొచ్చేదని, ఆరయితే నూట అరవై ఆరుకేనని ఆమె రాసుకొచ్చింది. ఒక స్టిక్కు మీద ఎనిమిది చిప్పులూ ఒకటే రకమా, రెండు కంపెనీలవి కలిపారా అనేది కూడా చూడాలి.

ఒక జత మీద నాలుగు వందలని నీలం స్టిక్కరు అంటించి ఉంది. స్టిక్కుల మీద వేగం రెట్టింపు చేసి రాస్తారు, అంటే అసలు రెండు వందలే. నాగలక్ష్మి గోటితో స్టిక్కరు అంచు లేపింది. కింద చిప్పు మీద ఆరు. రెండోదీ అంతే. ఆ రెండూ మాణిక్యం గారి ముందు పెట్టింది. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. మొహం మాడిపోయింది.

తనకు చెన్నై నుంచి వచ్చిన సరుకు అలాగే వచ్చిందని, తను స్టిక్కరు చూసి కొన్నానని, స్టిక్కరు చూపించే అమ్ముతున్నానని చెప్పాడు. తర్వాత ట్రే మొత్తం తన ముందుకు లాక్కుని, నీలం స్టిక్కర్లు ఉన్నవాటన్నిటినీ వెతికి, ఒక్కొక్కటే పీకేయడం మొదలుపెట్టాడు.  పదకొండు స్టిక్కుల్లో ఏడు అబద్ధాలు తేలాయి.

"ఇప్పుడు అన్నిటికీ ఒకటే ధర," అన్నాడాయన. "ఆరు అంకె ఉన్నవాటి ధరే. ఏది కావాలో నువ్వే ఏరుకో."

పరీక్ష మొదలైంది. ఆమె తెచ్చిన ఫ్లాపీలో ఒక ప్రోగ్రాము ఉంది. అది మెమరీలో ప్రతి గడీలోనూ ఏదో ఒకటి రాసి, తిరిగి చదివి, సరిపోయిందో లేదో చూస్తుంది. తప్పు దొరికితే తెర మీద ఎర్రగీత పడుతుంది. మొదటి జతకు చిప్పుల మీద అయిదే ఉంది. నలభై నిమిషాలు నికార్సుగా నడిచి, సరిగ్గా ఒంటిగంటన్నరకు తెరంతా ఎర్రబడింది. రెండోది మొదలే కాలేదు. మూడోది గంట నడిచింది. ఒక్కో జతనూ రకరకాలుగా మార్చి చూడ్డానికి రెండు మూడు గంటలు పట్టేది గనక రోజుకు ఒకటో రెండో తేలేవి. మూడు మధ్యాహ్నాలు ఆమె ఆ గదిలో చెమటతో తడిసిపోతూ కూర్చుంది. ర్యామ్‌కి ఇంకాస్త కరెంటు ఇచ్చి చూసేది, జవాబు చెప్పడానికి ఇంకాస్త వ్యవధి ఇచ్చి చూసేది, మళ్ళీ మొదటికి వచ్చేది. మాణిక్యం గారు మధ్యమధ్య వచ్చి వేలితో చిప్పులు తాకి, చుర్రుమంటే ఊదుకుంటూ వెళ్ళేవాడు. రెండో రోజుకి ఆయన ఒక్కో జత మీదా పందెం కాస్తున్నట్టే మాట్లాడటం మొదలుపెట్టాడు.

మూడో రోజు ట్రేలో ఉన్న పాత జత ఒకటి పెట్టింది. మూసేసిన ఏదో ఆఫీసు కంప్యూటర్లలోంచి ఊడదీసినవి. స్టిక్కరు లేదు. చిప్పుల మీద నిజాయితీగా ఆరు అని ఉంది. అవి రెండు వందలకు పనికిరావని ఆమె రాసుకొచ్చిన లెక్క. కానీ రెండు స్టిక్కులూ ఒకే నెలలో, ఒకే చోట తయారైనవి, పదహారు చిప్పులూ కవలపిల్లల్లా ఉన్నాయి. పన్నెండింటికి మొదలుపెట్టింది. ఒంటిగంటన్నర దాటింది. రెండయింది, రేకులు టపటపమన్నాయి. మూడు. నాలుగింటికి కూడా తెర మీద ఒక్క ఎర్రగీత లేదు. ఆమె ఆపలేదు, ఆరింటిదాకా నడిపించింది.

వాటిని కాగితంలో చుట్టిస్తూ మాణిక్యం గారు, రేకు తొడుగుల స్టిక్కు కూడా ఒకటి తనకు మరమ్మతుకు వచ్చిందని, నిన్న ఆమె మెషిన్ అక్కడే వదిలి వెళ్ళాక అందులోనే పెట్టి చూశాననీ, ఇరవై నిమిషాలకు చచ్చిందనీ చెప్పాడు. నాగలక్ష్మి నవ్వింది. ఆ సీజన్లో ఆమె నవ్వడం అదే మొదలు.

మెషిన్ అయితే తయారైంది గానీ పని రాలేదు. మూఢం వచ్చేలోపు చేసేయాలని ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒకేసారి మీద పడ్డాయి. జానకిరామ్ గారి దగ్గర క్యాసెట్లు గుట్టపడ్డాయి. అయినా ఫోటోగ్రాఫర్లు ఆమె గడప తొక్కలేదు. నాగలక్ష్మి దొంగ కంప్యూటర్ కట్టిందనీ, ఓవర్‌లోడు మీద నడుస్తోందనీ, ఎప్పుడో పేలి క్యాసెట్లు తగలబడతాయనీ ఆయన చెబుతున్నారట. అది చెప్పింది కంకిపాడు ఫోటోగ్రాఫర్ ఏసుపాదం. అతనూ సందేహిస్తూనే వచ్చాడు. ఆదివారం ఒక పెళ్ళివారి పదహారు రోజుల పండగ. బంధువులందరి ముందూ వీడియో వేస్తామని చెప్పుకున్నారు. జానకిరామ్ గారు మూడు వారాలు పడుతుందన్నారు. ఆ వేళ గురువారం.

"క్యాసెట్లకేమన్నా అయితే నేను కంకిపాట్లో తలెత్తుకు తిరగలేను నాగలక్ష్మి గారూ," అన్నాడు.

"నా మెషిన్ క్యాసెట్ని చూసి రాసుకుంటది, అంతే. ఎక్కించుకున్నాక క్యాసెట్ మీ సంచీలోనే పెట్టుకోండి. మెషిన్ పోతే నా కష్టం పోద్ది, మీ పెళ్ళి పోదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రండి."

శుక్రవారమంతా క్యాసెట్లు ఎక్కించుకుని కోతలు కోసింది. శనివారం పొద్దున పాటలు అతికించి, పదకొండింటికి మొత్తం ఒకటిగా చేసే పని మీద పెట్టింది. అయిదారు గంటల పని. తెర మీద ఒక పచ్చగీత నత్తలా జరుగుతోంది. రెండుంబావుకి నూటికి అరవై రెండు దగ్గర గీత ఆగింది. తెర నీలంగా మారి, తెల్లటి అక్షరాలు పడి, మెషిన్ కొయ్యబారిపోయింది.

నాగలక్ష్మి పక్కరేకు విప్పి చిప్పుల మీద వేలు పెట్టి చూసింది. మాణిక్యం గారి గదిలో ఆరు గంటలు నిలిచినవి ఇక్కడ మూడు గంటలకే ఎందుకు పడిపోయాయో ఆలోచించింది. అక్కడ మెమరీ ఒక్కటే పరుగెత్తింది. ఇక్కడ ప్రాసెసరూ, డిస్కూ, అన్నీ కలిసి ఆ చిన్న గదిని ఉడకబెడుతున్నాయి. పేలిపోతుందన్న జానకిరామ్ గారి మాట చెవిలో మోగింది. లేచి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. రెండు వందలని ఉన్నచోట నూట తొంభై రెండని కొట్టింది. ఆ ఎనిమిది వదులుకోవడం ఆమెకు పన్ను పీకించుకున్నట్టే ఉంది. కానీ ఆదివారం ఎనిమిదింటికి అని ఆమె మాటిచ్చింది, రెండు వందలకి ఎవరికీ మాటివ్వలేదు. పచ్చగీత మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది.

మార్కెట్ కట్టేసి వచ్చిన గంగారత్నం గుమ్మంలో నిలబడి కోడలి మొహం చూసింది.  వచ్చిన ఆటోని ఆపి, మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళి, చేపలకు వేసే ఐసు దిమ్మ ఒకటి థర్మాకోలు పెట్టెలో పెట్టించుకు తెచ్చింది. మెషిన్ దగ్గరికి తేవద్దని, తడి తగిలితే అంతా పోతుందని నాగలక్ష్మి కంగారుపడింది. అయితే గుమ్మం దగ్గరే పెడదామని అత్తగారు దిమ్మని ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టి, వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టింది. గదిలోకి చల్లగాలీ, దానితోపాటు నీచు వాసనా వచ్చాయి.

మూడున్నరకు జానకిరామ్ గారు వచ్చారు. వెంట ఎవరూ లేరు. ఏసుపాదం పని ఇక్కడికి వచ్చిందని తెలిసినట్టుంది. గుమ్మంలో ఐసు దాటుకుని లోపలికి వచ్చి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పక్కరేకు తీసేసి బోసిగా ఉన్న మెషిన్ని వంగి చూశారు.

ఆయన మర్యాదగానే మొదలుపెట్టారు. సెంటర్లో పని పేరుకుపోయిందనీ, కొత్త మెషిన్ మీద కూర్చునే మనిషి లేడనీ, తిరిగి వస్తే అడిగిన జీతం ఇస్తాననీ అన్నారు. నాగలక్ష్మి రానంది. అప్పుడాయన గొంతు మారింది.

"కంపెనీవాడు ఇంతే నడపమని రాశాడు, నువ్వు అంతకంటే ఎక్కువ తోల్తన్నావు. ఎన్నాళ్ళు ఆగుద్దనుకున్నావు? కాలిపోద్ది నాగలక్ష్మీ."

"కాలితే నాదేగా సార్ కాలేది. ఎనిమిదేళ్ళు మీ దగ్గర నేనూ రాసినదానికంటే ఎక్కువే తిరిగా. కాలిపోలా."

ఆయన తెరకేసి చూశారు. గీత ఇరవై ఒకటి దగ్గర ఉంది. అది ఆగుతుందేమోనని నిలబడినట్టే నిలబడ్డారు. నాగలక్ష్మి కుర్చీ చూపించింది, ఆయన కూర్చోలేదు. ఇరవై రెండు, ఇరవై మూడు. వాసన భరించలేనట్టు రుమాలు ఇంకా గట్టిగా అదుముకున్నారు. అది గంగారత్నం చూసింది.

"చేపల బేరం ఇంట్లో చేపల కంపు రాక మల్లెపూల వాసనొస్తదా బాబూ," అంది. "మంచినీళ్ళు తాగుతారా?"

ఆయన నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు. గీత ఇరవై ఆరు దాటింది. ఆ తర్వాత అది ఎక్కడా ఆగలేదు. దీపాలు పెట్టే వేళ దాటాక నూరు పడింది. నాగలక్ష్మి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకుని, సీడీలు రాసుకుని పడుకుంది.

ఆదివారం ఏసుపాదం ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చి పట్టుకెళ్ళాడు. కంకిపాట్లో షామియానా కింద టీవీ పెట్టి వేశారట. మొదటిసారి వేశాక పెళ్ళికూతురి నానమ్మ అప్పగింతలు మళ్ళీ వెయ్యమందట. పెళ్ళికొడుకు మేనమామ మాత్రం తను ఎక్కడా కనపడలేదని అలిగి అన్నం తినకుండా వెళ్ళాడట. నిజమే, ఆయన నిలబడిన ముక్కని నాగలక్ష్మే కోసేసింది. కెమెరాకి అడ్డంగా నిలబడ్డాడు మరి.

సోమవారం మధ్యాహ్నం ఏసుపాదం మళ్ళీ వచ్చాడు. ఈసారి అతనితో ఉయ్యూరు ఫోటోగ్రాఫర్ అబ్రహాము కూడా ఉన్నాడు. అబ్రహాము సంచీలో రెండు పెళ్ళిళ్ళ క్యాసెట్లున్నాయి. అతను మెషిన్ చుట్టూ తిరిగి చూసి, ర్యామ్ ఎంత పడిందో, బోర్డు ఎంత పడిందో అడిగాడు. నాగలక్ష్మి దాచకుండా చెప్పింది. అతను మనసులో ఏదో కూడుకుని, జానకిరామ్ గారికి ఇచ్చేదాంట్లో సగం ఇస్తానన్నాడు.

"అంత మెషిన్‌కి అంత రేటు న్యాయమండి. ఇంత చవక మెషిన్‌కి మీరు కూడా చవగ్గా చెయ్యాలిగా."

"చవకగా కొనుక్కున్నా. చవకగా పనిచెయ్యను. ఆయనకిచ్చేదే నాకివ్వండి, వారంలో ఇస్తా. లేదంటే ఆయన దగ్గరికే పొండి, మూడు వారాల్లో ఇస్తారు."

అబ్రహాము ఏసుపాదం వైపు చూశాడు. ఏసుపాదం గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. అబ్రహాము సంచీ విప్పి, ఏడు క్యాసెట్లు ఒకదాని మీద ఒకటి బల్ల మీద పెట్టాడు. నాగలక్ష్మి వాటి మీద ఊరి పేరు, తేదీ రాసింది. మెషిన్ ఇప్పుడే ఆన్ చెయ్యరా అని అతను అడిగాడు. ఎండ తగ్గాక చేస్తానని చెప్పి వాళ్ళని సాగనంపి, చాప పరుచుకుని, మధ్యాహ్నం పూట ఎనిమిదేళ్ళలో మొదటిసారి పడుకుంది.